గున్‌వోర్ జాబితాలో పేరు లేనివాళ్ళు

టోర్‌స్విక్ ఫుట్‌బాల్ సంఘాన్ని ముప్పై నాలుగేళ్ళు మోసిన గున్‌వోర్‌కి ఫుట్‌బాల్ గురించి తెలిసినవి రెండే సంగతులు. మనవాళ్ళు గెలుస్తుంటే జనం వాఫెల్స్ ఎక్కువ తింటారు. ఓడిపోతుంటే కాఫీ ఎక్కువ తాగుతారు. అందుకని మైదానంలో కేక వినిపించినప్పుడల్లా ఆమె వంటగది కిటికీలోంచి తల బయటపెట్టి, "మనదా, వాళ్ళదా?" అని అడిగేది. మనదంటే పిండి కలిపేది, వాళ్ళదంటే నీళ్ళు పొయ్యి మీద పెట్టేది. ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో ఆమెకు బోధపరచడానికి నలుగురు కోచ్‌లు విడివిడిగా ప్రయత్నించి, విడివిడిగా విరమించుకున్నారు.

నేను ఆ సంఘానికి కార్యదర్శిని. పద్దెనిమిదేళ్ళుగా సమావేశాల మినిట్స్ రాస్తున్నాను. బడిలో చరిత్ర చెప్పి రిటైరైనవాణ్ణి కనుక చిన్న విషయాన్ని పెద్దది చేసి రాసే అలవాటు ఉందని కొందరంటారు. ఇక్కడ మాత్రం అలాంటిదేమీ చేయలేదు. పైగా కొంత తగ్గించే రాశాను. ఇందులో ఉన్నవాళ్ళందరినీ రోజూ కోఆపరేటివ్ దుకాణంలో పాల అర దగ్గర కలవాలి మరి.

గున్‌వోర్ పుట్టింది ఉత్తరాన ఒక దీవిలో. పంతొమ్మిదో ఏట మా ఊరి చేపల ఫ్యాక్టరీలో పనికి వచ్చింది. పడవ రేవులో ఇంజన్లు బాగుచేసే అర్న్‌ఫిన్‌ని పెళ్ళాడింది. వాళ్ళ అబ్బాయి యూస్టైన్‌ని ఏడేళ్ళప్పుడు ఫుట్‌బాల్‌లో చేర్పించారు. బంతి తగిలితే నొప్పి పుడుతుందని ఆ పిల్లవాడు మూడో వారానికల్లా కనిపెట్టి, ట్రంపెట్ వైపు మళ్ళాడు. అతని పేరు పిల్లల జట్టులోంచి కొట్టేశారు. తల్లి పేరు మాత్రం తల్లిదండ్రుల పని జాబితాలో ఉండిపోయింది. దాన్ని కొట్టేయాలని ఎవరికీ తోచలేదు, ఆమెకూ తోచలేదు. రెండేళ్ళు తిరిగేసరికి జాబితాయే ఆమె చేతికి వచ్చింది.

ఊరంతా కలిసి చేసే ఈ పనిని మా దేశంలో దుగ్నాద్ అంటారు. శ్రమదానం అనుకోవచ్చు. కాకపోతే దానం అన్న మాటలో కాస్త ఇష్టం ఉంటుంది, దీంట్లో అది ఉండి తీరాలన్న నియమమేమీ లేదు. మార్చిలో మైదానం మీది మంచు తొయ్యాలి. గీతలు గీయాలి. వలలు కుట్టాలి. కార్లు నిలబెట్టించాలి. వాఫెల్స్ పొయ్యాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, ఏడాదికి రెండుసార్లు ప్రతి ఇల్లూ టాయిలెట్ పేపర్ అమ్మాలి. నలభై చుట్టల బస్తాలు ఇంటికి ఆరు. అమ్మాలంటే ఎవరికి? పక్కింటివాళ్ళకి. పక్కింటివాళ్ళ దగ్గరా ఆరు ఉంటాయి కనుక చివరికి ఎవరి బస్తాలు వాళ్ళే కొనుక్కునేవారు. ఆ డబ్బుతో పిల్లలకి బంతులు వచ్చేవి, పెద్దల జట్టుకి బస్సు వచ్చేది. ఆరువందల నలభైమంది ఉన్న ఊరు, ముప్పై ఏళ్ళపాటు, ఆ ఒక్క విషయంలో ఎన్నడూ లోటెరుగక బతికింది.

పనులన్నిటిలోకీ గౌరవమైనది పడవ పని. మా మైదానంలో పడమటి గోలు వెనక ఇరవై అడుగులకే సముద్రం. మ్యాచికి సగటున నాలుగు బంతులు నీళ్ళపాలవుతాయి. వాటిని తేవడానికి తెడ్ల పడవలో ఒక మనిషి సిద్ధంగా కూర్చోవాలి. ఆ సీటు కోసం మా ఊళ్ళో నడిచినన్ని రాజకీయాలు మునిసిపల్ ఎన్నికల్లో కూడా నడవవు. బంతి నీళ్ళలో పడగానే మూడువందలమంది ఆట సంగతి మరిచిపోయి అటు తిరుగుతారు. మొదటిసారికే అందుకుంటే చప్పట్లు. రెండోసారికి సలహాలు. మూడోసారికి ఆ మనిషి నాన్నా, తాతా కూడా తెడ్డు పట్టడం రానివాళ్ళేనన్న చర్చ.

గున్‌వోర్ ఎవరినీ బతిమాలేది కాదు. "వీలవుతుందా?" అన్న మాట ఆమె నోట ఎవరూ వినలేదు. ఫోన్ చేసేది. "శనివారం పదకొండింటికి నువ్వు కాఫీ దగ్గర. తుడిచే గుడ్డ తెచ్చుకో," అనేది. పెట్టేసేది. పడవల షెడ్డు వాటా గురించి తొమ్మిదేళ్ళుగా మాటల్లేని అన్నదమ్ములు సివెర్ట్, పేడర్‌లను వాఫెల్ పొయ్యి దగ్గర పక్కపక్కనే వేసింది. వాళ్ళు అప్పుడూ మాట్లాడుకోలేదు. కానీ ఒకడు పిండి పోస్తే ఇంకొకడు తిప్పేవాడు. మాడిపోతే ఇద్దరూ గున్‌వోర్‌తో చెప్పేవారు, ఎవరిది తప్పో.

ఊరంతా ఆ జాబితాని తిట్టుకునేది. దుకాణం తలుపు మీద అది అతికించిన రోజున అక్కడ గుమిగూడి తిట్టుకోవడం మాకొక పండుగ. అప్పుడు సంఘం బాగానే ఉండేది.

కష్టమంతా గెలుపుతో వచ్చింది.

ఆ ఏడాది మా జట్టు, ఎందుకో ఎవరికీ అంతుపట్టకుండా, తన విభాగంలో మొదటి స్థానంలో నిలిచి పై మెట్టుకి వెళ్ళింది. కప్పు పోటీలో నగరం జట్టుని ఒకదాన్ని ఓడించింది. ఆ మ్యాచిలో వాళ్ళ గోల్‌కీపర్ పడవ వైపు చూస్తూండగా మనవాళ్ళు గోలు కొట్టారన్నది నిజమే, కానీ గోలు గోలే. ఇవి చాలవన్నట్టు, పదిహేనేళ్ళ దాకా మా దగ్గర ఆడి వెళ్ళిన వెట్లె అనే కుర్రాణ్ణి జర్మనీలో ఒక పెద్ద క్లబ్బు కొనుక్కుంది. పెంచినవాళ్ళ వాటా కింద మాకు ముప్పై ఎనిమిది లక్షల క్రోనర్లు వచ్చి పడ్డాయి. అంతకుముందు మా బ్యాంకు ఖాతాలో ఉన్న అతి పెద్ద మొత్తం ఒక గడ్డికోత యంత్రం ఖరీదు.

మా అధ్యక్షుడు ఓడ్‌వార్. పడవ ఇంజన్లు అమ్ముతాడు. చెడ్డవాడు కాడు. గెలిచినవాళ్ళు ఏం చేయాలో తెలుసుకోవాలన్న సదుద్దేశంతో రాజధాని నుంచి ఒక సలహాదారుణ్ణి పిలిపించాడు. ఆయన సన్నటి ప్యాంటుతో వచ్చి, తెర మీద బొమ్మలు వేసి, విజయం సాధించిన క్లబ్బు పాత అలవాట్లలోనే ఉండిపోతే కుంగిపోతుందనీ, మంచి ఆటగాళ్ళ మీదా, మంచి సౌకర్యాల మీదా పెట్టుబడి పెట్టాలనీ చెప్పాడు. ఇందులో తప్పేముంది? అన్నీ నిజాలే. నేను మినిట్స్‌లో రాసుకున్నాను.

మార్చిలో వార్షిక సమావేశం. ఓడ్‌వార్ నాలుగు తీర్మానాలు పెట్టాడు. స్వీడన్ నుంచి ఒక ఫార్వర్డ్ ఆటగాణ్ణి తేవడం. పడమటి గోలు వెనక పన్నెండు మీటర్ల ఎత్తు వల కట్టించడం. తిండికీ పార్కింగ్‌కీ నగరం నుంచి కంపెనీలను పిలవడం. నాలుగోదానికి కాగితం పక్కన పెట్టి జనం వైపు తిరిగాడు.

"ఇన్నేళ్ళూ మీరంతా కష్టపడ్డారు. ఇక మీరు పడక్కర్లేదు. దుగ్నాద్ రద్దు! టాయిలెట్ పేపర్ కూడా రద్దు!"

జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. పేడర్ ఈల కూడా వేశాడు. చేతులెత్తమన్నారు. మా సంఘంలో చేతులు లెక్కపెట్టే పని ఎప్పుడూ గున్‌వోర్‌దే. ఆమె వరుసల మధ్య నడుస్తూ ఒక్కొక్క చేతినీ వేలితో చూపిస్తూ లెక్కపెట్టింది.

"నూట పద్నాలుగు," అంది. "వ్యతిరేకం ఎవరూ లేరు. రెండుసార్లు లెక్కపెట్టాను."

"నీ చెయ్యి?" అన్నాను, రాసుకోవాలి కనుక.

"నా చేతిలో పెన్నుంది," అంది.

ఓడ్‌వార్ ఆమెకు ఒక క్రిస్టల్ గిన్నె బహూకరించి, జీవితకాల గౌరవ సభ్యురాలిగా ప్రకటించాడు. గౌరవ సభ్యులకు విధులేవీ ఉండవని నిబంధనావళిలో మూడో అధ్యాయం చెబుతుంది. ఆమె జాబితా పుస్తకాన్ని బల్ల మీద పెట్టి, కేకు ముక్క తినకుండా ఇంటికెళ్ళిపోయింది. బాదం ముద్ద కప్పిన మార్జిపాన్ కేకు వదిలి వెళ్ళిన మనిషిని మా ఊళ్ళో అంతకుముందు చూడలేదు.

ఏప్రిల్‌లో మొదటి మ్యాచి. అంతకుముందు ఏడాది సగటున మూడువందల పదిమంది వచ్చేవారు. పై విభాగంలో తొలి ఆట కదా, అయిదువందలు వస్తారని ఓడ్‌వార్ అంచనా. డెబ్భై ఒక్కరు వచ్చారు. అందులో ఇరవై ఇద్దరు ఎదుటి జట్టు బంధువులు.

నల్లకోట్లు వేసుకున్న ఇద్దరు పార్కింగ్ కాపలావాళ్ళు ఖాళీ స్థలంలో ఒకరి కారు ఒకరు కాపలా కాశారు. ఓడ్‌వార్ వాళ్ళమ్మని టికెట్ చూపించమని అడిగారు. తిండి బండిలో ఉల్లికాడలు చల్లిన మెక్సికో రొట్టె నూట నలభై అయిదు క్రోనర్లు. స్వీడన్ ఆటగాడు హాంపుస్ నిజంగా మంచివాడు, రెండు గోల్స్ కొట్టాడు. రెండోది కొట్టి రెండు చేతులూ చాపుకుని జనం వైపు పరుగెత్తుకొచ్చాడు, కానీ అక్కడ కట్టకి ఆనుకుని ఉన్నది నేనొక్కణ్ణే. ఏం చేయాలో తెలియక కరచాలనం చేశాను. బంతి ఒక్కసారి కూడా సముద్రంలో పడలేదు. కొత్త వల దాన్ని పట్టుకుని మర్యాదగా కింద పెట్టేది.

గెలిచాం. మైదానం నుంచి ఇళ్ళకి పోతున్న నలభై తొమ్మిదిమంది ముఖాలు చూస్తే ఎవరికీ ఆ అనుమానం రాదు.

మే నెలలో డెబ్భై ఒకటి కాస్తా యాభై మూడైంది. ఓడ్‌వార్ సంగీతం పెట్టించాడు. నలభై ఎనిమిదైంది.

నేను సివెర్ట్‌ని దుకాణం దగ్గర పట్టుకుని అడిగాను. "ఏమయ్యా, రావడం లేదేం?"

"ఎందుకు రావాలి?"

"ఆట చూడ్డానికి."

"ఆటా?" నా ముఖంలోకి అనుమానంగా చూశాడు. "ముప్పై ఏళ్ళు అక్కడే ఉన్నాను, ఆట ఎప్పుడు చూశాను నేను? పొయ్యి గోడకి ఎదురుగా ఉంటుంది కదా."

"ఇప్పుడు పొయ్యి లేదుగా. హాయిగా చూడొచ్చు."

"పని లేకుండా అక్కడ నిలబడితే జనం ఏమనుకుంటారు?" అన్నాడు. అతను గొంతు తగ్గించి ఇంకో మాట కూడా అన్నాడు. "పేడర్ బాగున్నాడా? ఈ మధ్య కనబడటం లేదు."

ఇక గున్‌వోర్ సంగతి. ఒక మంగళవారం పొద్దున్నే ఆమె మొగుడు అర్న్‌ఫిన్ మా ఇంటికొచ్చాడు. టోపీ తియ్యకుండా వంటగదిలో కూర్చున్నాడు.

"జాబితా దానికి తిరిగిచ్చెయ్యండి," అన్నాడు.

"తీర్మానమైపోయింది అర్న్‌ఫిన్. నేనొక్కణ్ణీ ఏం చేయగలను?"

"కట్టెలు మూడుసార్లు పేర్పించింది నాచేత. మొదటిసారి పొడుగునిబట్టి. తర్వాత చెట్టునిబట్టి. ఇప్పుడేమో ఎండిన తేదీనిబట్టి. ఫ్రిజ్ మీద కాగితం అతికించింది. నాకు షిఫ్టులు! బుధవారం నాలుగింటికి నేను కిటికీల దగ్గరట, గుడ్డ తెచ్చుకోవాలట! గుడ్డ ఎక్కడుంది? అదే ఇంట్లో ఉంది!"

"నవ్వుతోందా, ఏడుస్తోందా?"

అర్న్‌ఫిన్ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. "శనివారాల్లో ఆ కిటికీ దగ్గర నిలబడుతుంది," అన్నాడు. "అక్కణ్ణుంచి మైదానం కనబడదు. కేక వినబడుతుంది, గాలి ఇటు ఉంటే. మనదా వాళ్ళదా అని నన్నడుగుతుంది. నాకేం తెలుసు? ఇప్పుడు కేకలు కూడా లేవు, అడగడమూ మానేసింది."

నేను కాఫీ పోసిచ్చాను. అతను తాగి, టోపీ పెట్టుకుని లేచాడు. అది మా ఊరి పద్ధతి ప్రకారం చాలా సుదీర్ఘమైన సంభాషణ.

జూన్ నెలలో సంక్షోభం వచ్చింది. చరిత్రలో సంక్షోభాలన్నీ పెద్ద కారణాలతోనే వస్తాయని నేను పిల్లలకి చెప్పేవాణ్ణి. ఇప్పుడు చెప్పను. ప్రతి ఇంటి నేలమాళిగలోనూ ఉన్న బస్తాలు, అన్నీ ఒకేసారి కొన్నవి కనుక, అన్నీ ఒకే వారంలో ఖాళీ అయ్యాయి. ముప్పై ఏళ్ళుగా టోర్‌స్విక్‌లో ఎవరూ టాయిలెట్ పేపర్ దుకాణంలో కొనలేదు. అందుకని దుకాణంలో ఆ సరుకు ఒక్క అరలో, అదీ బయటి ఊళ్ళవాళ్ళ కోసం, ఎనిమిది పాకెట్లు ఉండేది. సోమవారం పదింటికి తలుపు తీశారు. పదీ పన్నెండుకల్లా అయిపోయాయి. తర్వాతి లారీ గురువారం. వెనక గదిలో ఇంకొన్ని దొరికితే, ఇంటికొక పాకెట్ అని దుకాణం నడిపే బోర్గ్‌హిల్డ్ బోర్డు పెట్టింది. ఒకే ఇంట్లోంచి భర్త ముందు తలుపునా, భార్య వెనక తలుపునా రావడం మొదలైంది. పాస్టరు మంగళవారం సాయంత్రం ప్రార్థనలో పంచుకోవడం గురించి మాట్లాడాడు. ఏం పంచుకోవాలో చెప్పలేదు, అందరికీ అర్థమైంది. కార్యదర్శిగా నా దగ్గర పద్దెనిమిదేళ్ళ మినిట్స్ పుస్తకాలు ఉన్నాయి. బుధవారం సాయంత్రం వాటివైపు కొంతసేపు చూసిన మాట నిజం.

గురువారం లారీ వచ్చింది. దుగ్నాద్ సంగతి తేల్చడానికి ప్రత్యేక సమావేశం పెట్టాలని వందమంది సంతకాలతో శుక్రవారం కాగితం వచ్చింది.

ఆ సమావేశానికి నూట తొంభైమంది వచ్చారు. సంఘం చరిత్రలో రికార్డు. కుర్చీలు చాలక గోడలకి ఆనుకుని నిలబడ్డారు. కోపంగా ఉన్నారు కనుక అందరూ ఆనందంగానే ఉన్నారు. సివెర్ట్, పేడర్ చెరో మూలా నిలబడి ఒకరినొకరు చూసుకోకుండా చూసుకున్నారు. గున్‌వోర్ వెనక వరుసలో చివరి కుర్చీలో చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆ క్రితం వారమే అర్న్‌ఫిన్ నాతో చెప్పాడు, శరదృతువులో ఆమె ఉత్తరాన తన దీవికి వెళ్ళిపోదామంటోందని. ఇల్లు అమ్మేద్దామంటోందట. "ఇక్కడ మనల్ని ఎవరూ లెక్కలో వేసుకోవడం లేదు," అందట.

ఓడ్‌వార్ లేచాడు. ఈ రెండు నెలల్లో మనిషి సన్నబడ్డాడు. "జనం ఎందుకు రావడం లేదో నేను ఆలోచించాను," అన్నాడు. "మన క్లబ్బు ఇల్లు పాతది. పైకప్పు కారుతోంది. మిగిలిన ఇరవై ఒక్క లక్షలతో కొత్త ఇల్లు కట్టిద్దాం. కంపెనీతో మాట్లాడాను. నాలుగు నెలల్లో కట్టి, తాళాలు చేతికిస్తారు. మనం వేలు కదపక్కర్లేదు."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఎవరూ తిట్టలేదు కూడా. వెనక కుర్చీ కిర్రుమంది.

ముప్పై నాలుగేళ్ళలో గున్‌వోర్ సమావేశంలో మాట్లాడింది చేతుల లెక్క చెప్పడానికే. ఇప్పుడు లేచి నిలబడింది.

"ఓడ్‌వార్, ఒక మాట అడుగుతాను. నాలుగు నెలల తర్వాత మనమేం చేస్తాం?"

"అంటే... కొత్త ఇల్లుంటుంది. వాడుకుంటాం."

"ఎవరు?"

ఓడ్‌వార్ చేతిలోని కాగితం తిరగేసి చూశాడు.

"నువ్వు ఆ వల కట్టించావు," అంది. "కంపెనీవాళ్ళు రెండు రోజుల్లో కట్టి వెళ్ళిపోయారు. ఎడమవైపు స్తంభం వంకరగా ఉంది. చూశావా?"

"కొంచెం వాలి ఉంది, అవును."

"ఏప్రిల్ నుంచీ వంకరగా ఉంది. ఆ మాట చెప్పడానికి ఒక్కడైనా నీ దగ్గరికి వచ్చాడా? రాలేదు. అదే స్తంభం మన పేడర్ పాతి ఉంటే?"

"పేడర్ పాతి ఉంటే ఇంకా వంకరగా ఉండేది!" అని సివెర్ట్ మూలనుంచి అరిచాడు.

"నీ మొహం! నా స్తంభం నీ వెన్నుకన్నా నిటారుగా ఉంటుంది!" అని రెండో మూలనుంచి జవాబొచ్చింది. తొమ్మిదేళ్ళలో వాళ్ళు ఒకరితో ఒకరు అన్న మొదటి మాటలవి. హాలంతా ఆ మూలకీ ఈ మూలకీ తలలు తిప్పింది. ఇద్దరూ తామేం చేశామో గ్రహించి నేల చూపులు చూశారు.

"చూశావా," అంది గున్‌వోర్. "ఆ స్తంభం గురించి పదిహేనేళ్ళు చెప్పుకునేవాళ్ళు. చెప్పుకోవడానికి వచ్చేవాళ్ళు. వచ్చినప్పుడు వాఫెల్ తినేవాళ్ళు. ఆట కూడా చూసేవాళ్ళేమో, నాకు తెలీదు."

"అయితే డబ్బేం చేద్దామంటావు?" అన్నాడు ఓడ్‌వార్. వెక్కిరింపు కాదు. నిజంగానే అడిగాడు.

"ఇల్లు కట్టాల్సిందే. కలప కొను. రేకులు కొను. మేకులు కొను. కరెంటు పనికి చట్టం ఒప్పుకోదు కాబట్టి ఎలక్ట్రీషియన్ని పిలు. ఇంకెవరినీ పిలవద్దు. మిగిలింది పిల్లల జట్లకి పెట్టు, ఆడపిల్లలకి ఒక మంచి కోచ్‌ని పెట్టు. వెట్లె లాంటివాళ్ళు అక్కణ్ణుంచేగా వచ్చేది. ఆ ముప్పై ఎనిమిది లక్షలు మనకి తెచ్చినవాడు స్వీడన్ నుంచి రాలేదు."

"మనం కడితే రెండేళ్ళు పడుతుంది గున్‌వోర్!"

"మూడు," అంది. "నేను లెక్కేశాను."

అప్పుడు పక్క వరుసలో హాంపుస్ చెయ్యెత్తాడు. ఆటగాళ్ళు సమావేశానికి రావడం అరుదు, స్వీడన్‌వాళ్ళు మాట్లాడటం ఇంకా అరుదు.

"నా ఒప్పందంలో రాశారు, ఆటగాడికి శ్రమదానం వర్తించదని," అన్నాడు. "ఆ వాక్యం కొట్టేయొచ్చా? మూడు నెలలుగా ఈ ఊళ్ళో నాతో మాట్లాడింది ఈ కార్యదర్శి ఒక్కడే. అదీ కరచాలనం."

"నీకు సుత్తి పట్టడం వచ్చా?" అని ఎవరో అడిగారు.

"రాదు."

"స్వీడన్‌వాడు సుత్తి పడితే మేకే పక్కకి తప్పుకుంటుందిలే!" అని పేడర్ అన్నాడు. అందరూ నవ్వారు. హాంపుస్ కూడా నవ్వాడు. ఆ కుర్రాడు ఈ ఊళ్ళో కొట్టిన తొమ్మిది గోల్స్‌కి రాని నవ్వు అది.

గున్‌వోర్ చెప్పినదాన్నే తీర్మానంగా పెట్టి చేతులెత్తించారు. గున్‌వోర్ గౌరవ సభ్యురాలు కాబట్టి లెక్కపెట్టడానికి వీల్లేదు. నేనే లెక్కపెట్టాను. నూట ఎనభై ఆరుదాకా వచ్చి తప్పాను. మళ్ళీ మొదలుపెట్టాను. మళ్ళీ తప్పాను. "చాలా" అని మినిట్స్‌లో రాశాను.

ఒక చిక్కు మిగిలింది. జాబితా ఎవరు వేస్తారు? అందరూ ఆమె వైపు చూశారు. ఆమె సంచి తీసుకుని తలుపు వైపు నడవడం మొదలుపెట్టింది. ఓడ్‌వార్ మధ్య దారిలో అడ్డం వచ్చి నిలబడ్డాడు. మొహం ఎర్రబడింది.

"గున్‌వోర్, క్షమించమని అడుగుతున్నాను. నీకు ఇష్టమైతే, వీలైతే, ఒకవేళ, మళ్ళీ..."

"ఏమిటా అడగడం?" అంది. "ఇన్నేళ్ళలో ఏమీ నేర్చుకోలేదా నువ్వు?"

ఓడ్‌వార్ ఒక క్షణం ఆమె మొహంలోకి చూశాడు. తర్వాత గొంతు సవరించుకుని, ఇంజన్ల దుకాణంలో కుర్రాళ్ళతో మాట్లాడే గొంతుతో అన్నాడు. "గున్‌వోర్. సోమవారం నుంచి జాబితా నీది. పుస్తకం కార్యదర్శి దగ్గరుంది. తీసుకో."

ఆమె తలుపు దగ్గర్నుంచి వెనక్కి తిరిగింది. నా దగ్గరికొచ్చి చెయ్యి చాపింది. నేను పుస్తకం ఇచ్చాను. అక్కడే నిలబడి తెరిచి, మొదటి పేజీ మీద దుమ్ము ఊదింది. దుమ్ము లేదు. రోజూ నేను దాన్ని తుడుస్తూ ఉండేవాణ్ణి. అయినా ఊదింది.

ఆగస్టు మొదటి శనివారం పునాది పని మొదలైంది. వాన కురుస్తోంది. ఎనభై ముగ్గురు వచ్చారు. వాళ్ళలో ఎనభై ఇద్దరు రావడం తమకి ఎంత కష్టమైందో చెప్పారు. సివెర్ట్, పేడర్‌లకి రంపం పని, ఆ చివర ఒకడు, ఈ చివర ఒకడు. హాంపుస్‌కి సిమెంటు బస్తాలు. ఓడ్‌వార్‌కి బయటి మరుగుదొడ్డి. ఆ పని అతనికే ఎందుకు వచ్చిందని ఎవరూ అడగలేదు, అతనూ అడగలేదు. మధ్యాహ్నం మైదానంలో మ్యాచి. మేం ఓడిపోయాం. ఆ సీజన్‌లో చాలాసార్లు ఓడిపోయాం, కింది నుంచి మూడో స్థానంలో నిలిచి, గట్టెక్కాం. ఆ రోజు మాత్రం పునాది గోతుల పక్క నిలబడి సుమారు నాలుగువందలమంది చూశారు. చూశారంటే, ఎవరి మట్టి ఎవరి గోతిలో పడిందన్న వాదన మధ్యలో అప్పుడప్పుడు అటు తిరిగారు. కాఫీ మూడుసార్లు అయిపోయింది.

వాదన సద్దుమణిగాక, ఒక ముసలాయన చేతికర్ర పొడుచుకుంటూ మైదానం దాటి వచ్చాడు. తోరాల్ఫ్. తొంభై ఒక్క ఏళ్ళు. ఒకప్పుడు వేటపడవ నడిపేవాడు. వానలో టోపీ అంచు నుంచి నీళ్ళు కారుతున్నాయి. సరాసరి గున్‌వోర్ ముందుకొచ్చి నిలబడ్డాడు.

"దుకాణం తలుపు మీద కాగితం చూశాను," అన్నాడు. "నా పేరు లేదు."

"నీకు తొంభై ఒకటి తోరాల్ఫ్."

"నా వయసు నాకు తెలుసు. నేనడిగింది అది కాదు. ఊళ్ళో అందరి పేర్లూ ఉన్నాయి. ఆ స్వీడన్‌వాడిది కూడా ఉంది. నాది ఎందుకు లేదు?"

గున్‌వోర్ అతన్ని చూసింది. కర్రని చూసింది. తర్వాత పుస్తకం తెరిచి, వానకి తడవకుండా కోటు అంచు కింద పట్టుకుని, ఏదో రాసింది.

"శనివారాలు, తొమ్మిదింటికి," అంది. "వంకరైన మేకులు. షెడ్డులో కూర్చుని నిటారు చెయ్యాలి. సుత్తి తెచ్చుకో. ఆలస్యం చేయకు."

"తొమ్మిదింటికా?" అన్నాడు తోరాల్ఫ్. "మరీ పొద్దున్నే! నన్ను చంపుతావా ఏమిటి? మనిషన్నవాడికి విశ్రాంతి ఉండొద్దా? ఇంత ముసలితనంలో ఇదేం అన్యాయం!"

మైదానం దాటి రోడ్డెక్కేదాకా గొణుగుతూనే వెళ్ళాడు. మధ్యలో రెండుసార్లు ఆగి, ఎదురొచ్చినవాళ్ళకి కూడా ఆ అన్యాయం గురించి వివరంగా చెప్పాడు.